గెజిటెడ్ గాజుబుడ్డి

మా అటెండరు అప్పలకొండ ఫోనెత్తాడంటే ఆ పూట ఆఫీసులో ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే. అవతలివాళ్లు చెప్పినదాంట్లో సగం వింటాడు, మిగతా సగం వండుతాడు. ఆ సోమవారం ఫోను మోగితే ఎత్తి, "ఆయ్... ఆయ్... ఆయ్..." అని కాసేపు తలూపి, పెట్టేసి, వరండా దద్దరిల్లేలా కేకేశాడు.

"సీఓ టూ మరీ ఎక్కువైపోయిందంటండోయ్! ఎంటనే తగ్గించాపోతే పేణాలకే ముప్పంటండోయ్!"

మా ఆఫీసులో సీఓ అంటే సర్కిల్ ఆఫీసరు. సీఓ వన్ పోస్టు నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఖాళీ. సీఓ టూ మాత్రం ఆ ఖాళీని కూడా నింపేటంత నిండుగా ఉంటారు. ఆయనే దైవసహాయం గారు. ఆయన కూర్చుంటే కుర్చీ కనపడదు, ఆయన లేస్తే కుర్చీ కూడా లేస్తుంది. కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఆ సమయానికి ఆయన చేతిలో ఒక గొట్టం కాజా ఉంది. పాకం చొక్కా మీద కారకుండా దాన్ని నోటిదాకా చేర్చే మహత్కార్యంలో ఉండగా ఈ కేక చెవిన పడింది. కాజా గాలిలో ఆగిపోయింది.

"ఎవడ్రా అన్నది?"

"జాన్‌బాబండీ."

"ఏ జాన్‌బాబురా? డాక్టరా?"

"డాక్టరో కాదో తెల్దండీ. పొద్దున్నే వచ్చి సూసెల్లాడంటండీ. ఇయ్యాల్టి నించీ రోజూ కొలవాలంటండీ."

దైవసహాయం గారు తన నడుం చుట్టూ ఒకసారి తడుముకున్నారు. అది కొలవాలంటే టేపు మా ఆఫీసులో లేదు, సర్వే డిపార్టుమెంటు నుంచి గొలుసు తెప్పించాలి. ఆయన మొహం పాలిపోయింది. కాజాని ఎంతో బాధ్యతగా నా బల్లమీద, నా ఫైలుమీద పెట్టి, "గవర్రాజు గారూ, నాలో ఏమైనా మార్పు కనపడుతోందా?" అని నన్నడిగారు. నేను ఆ ఆఫీసు సూపరింటెండెంటుని. మార్పు అనేది కనిపెట్టడం నా ఉద్యోగ ధర్మం కాదు.

ఈలోగా టపా సెక్షన్లోంచి భ్రమరాంబ గారు అట్లకాడ పట్టుకున్నట్టు రబ్బరు స్టాంపు పట్టుకుని బయటికొచ్చారు.

"ఒరే అప్పలకొండా! నీ చెవుల్లో సీలు వెయ్య! అది నా చేపల తొట్టి గురించిరా! సీఓటూ అంటే గ్యాసు. బొగ్గుపులుసు వాయువు. జాన్‌బాబు చేపల తొట్ల షాపాడు."

"అమ్మయ్య," అన్నారు దైవసహాయం గారు. కాజా మళ్లీ గాలిలోకి లేచింది.

గండం గడిచిందనుకున్నాం. కానీ ఆ 'వాయువు' అన్న మాట లోపలి గదిలోకి వెళ్లిపోయింది. లోపల మా జోనల్ అధికారి విరూపాక్షం గారున్నారు.

ఇక్కడ మా సంస్థ గురించి రెండు ముక్కలు చెప్పాలి. పూర్తి పేరు వాయు నాణ్యతా పర్యవేక్షక మండలి. పొట్టిగా రాస్తే వానాపమ. ఊళ్లో రిక్షా అతని దగ్గర్నుంచి కలెక్టరాఫీసు దాకా అందరూ 'వానపాము ఆఫీసు' అనే అంటారు. మాకూ కోపం రాదు. వెన్నెముక లేకపోవడం, ఏ చివర తలో ఏ చివర తోకో తెలియకపోవడం, రెండు ముక్కలు చేసినా రెండు ముక్కలూ కదలడం, అన్నీ సరిపోయాయి. వానపాములున్నచోటికి చేపలు రావడంలో కూడా వింత లేదు.

ఆ చేపల్ని తెచ్చింది భ్రమరాంబ గారు. ఒక్కచోట నిలవకుండా వెళ్లిపోయే కాగితాల మధ్య బతికే టపా గుమస్తాకి, ఉన్నచోటే ఉండే ప్రాణులు కావాలనిపించిందిట. సందర్శకుల హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి పెట్టించారు. అందులో ప్లాస్టిక్కు పూలు కాదు, నిజం మొక్కలు. మొక్కలకి తిండి కావాలి కనుక పక్కనే చిన్న గ్యాసు బండ, దాన్నించి సన్నటి గొట్టం, గొట్టం చివర బుడబుడమని బుడగలు. ఎర్ర గీతల చిట్టి చేపలు ఓ గుంపు, వాటి మధ్యన పొడుగు రెక్కలూ నిదానపు నడకా ఉన్న ముసలి ఏంజెల్ చేప ఒకటి. దాని పేరు మునసబు గారు. ఆ పోస్టుని ప్రభుత్వం ఎప్పుడో రద్దు చేసింది గానీ మా తొట్టిలో మాత్రం కొనసాగుతోంది. భ్రమరాంబ గారు వెళ్లి అద్దంమీద వేలు పెడితే, గుంపుని తోసుకుంటూ వచ్చి ఆ వేలికి ఎదురుగా నిలబడుతుంది. ఆవిడ ఆఫీసుకి సెలవు పెట్టకపోవడానికి అదొక్కటే కారణం. మాకు తెలిసిన రెండో కారణం లేదు.

విరూపాక్షం గారు బయటికొచ్చారు. ఆయన ఇంట్లో మంచినీళ్లడగాలన్నా 'పై విషయము పరిశీలించి తగు చర్య గైకొనవలసినదిగా' అని అడుగుతారని వదంతి.

"వాయు నాణ్యతను పర్యవేక్షించు కార్యాలయములో, కార్యాలయ ఆవరణలోనే, బొగ్గుపులుసు వాయువు విడుదల చేయబడుచున్నదా? ఎవరి ఉత్తర్వుల మేరకు?"

"మొక్కలకి తిండండీ అది," అన్నారు భ్రమరాంబ గారు. "మీకు పెసరట్టు ఎలాగో, వాటికి అదలాగ."

"పెసరట్టు కాలుష్యకారకము కాదు."

"తినేవాళ్లని బట్టుంటుందండీ," అన్నాను నేను మెల్లిగా. ఎవరూ వినలేదు. నా ఛలోక్తులకి మా ఆఫీసులో ఉన్న విలువ అది.

"శుక్రవారమునాడు రాష్ట్ర కమిషనరు గారు 'హరిత కార్యాలయము' గౌరవమునకై తనిఖీకి విచ్చేయుచున్నారు. ఈ తొట్టి ఏమాత్రము క్రమవిరుద్ధమని తేలినను దీనిని నిరుపయోగ వస్తువుగా ప్రకటించి, చేపలను ఉప్పుటేరులో విడుదల చేయుటకు సిఫారసు చేయవలసివచ్చును."

భ్రమరాంబ గారి చేతిలోంచి స్టాంపు జారిపోయింది. "ఉప్పుటేర్లోనా! అవి మంచినీళ్ల చేపలండీ బాబూ! ఉప్పులో వేస్తే ఊరగాయైపోతాయి!"

"కనుక," అన్నారు విరూపాక్షం గారు, చెప్పింది వినకపోవడంలో ఆయనకి గల నైపుణ్యంతో, "సీఓ టూ మట్టమును అనుదినము పర్యవేక్షించవలెను. సీఓ టూ పర్యవేక్షణకు సీఓ టూ కంటె అర్హులెవ్వరు?"

దైవసహాయం గారి కాజా రెండోసారి గాలిలో ఆగింది.

*

పర్యవేక్షించాలంటే ఏముంది, చూడడమే. తొట్టి లోపల అద్దానికి గోరింటాకు ముద్దంత గాజుబుడ్డి ఒకటి అంటించి ఉంటుంది. బోర్లించిన బుడ్డి. అందులో రంగునీళ్లుంటాయి. గ్యాసు తక్కువైతే ఆ నీళ్లు నీలంగా ఉంటాయి. సరిపడా ఉంటే ఆకుపచ్చ. ఎక్కువైతే పసుపుపచ్చ. పసుపైతే చేపలకి ఊపిరాడదు. వాయువు పెరిగితే ఆయువు తరుగు. బొగ్గుపులుసు ముదిరితే చేపల పులుసే. భ్రమరాంబ గారు ఇది చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. చివరి రెండు వాక్యాలూ నావి.

విరూపాక్షం గారు కళ్లజోడు సర్దుకుని బుడ్డి కేసి వంగారు. 'ఎక్కువైపోయింది' అన్నది అప్పలకొండ వంటే, ఆ ఉదయం అది నవనవలాడే ఆకుపచ్చగా ఉంది.

వంగినవారు చాలాసేపు లేవలేదు. లేచాక ఆయన మొహంలో ఉన్నది కోపం కాదు, అవమానం.

"ఇది ఆకుపచ్చ."

"ఆయ్. అంతా బాగుందనండీ," అన్నారు భ్రమరాంబ గారు.

"ఆకుపచ్చ వినియోగించుటకు దీనికి అధికారమెవరిచ్చిరి?"

గవర్నమెంటాఫీసు గుమ్మం తొక్కని పుణ్యాత్ములు ఎవరైనా ఉంటే వాళ్లకోసం చెబుతున్నాను. మా లోకంలో కులాలు లేవు, సిరాలున్నాయి. గుమస్తాలం, సూపరింటెండెంట్లం, మేమంతా నీలం. తప్పులు పట్టే ఆడిటు వాళ్లు ఎరుపు. ఆకుపచ్చ ఒక్క గెజిటెడ్ అధికారిది. నా ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆకుపచ్చ కలం ముట్టుకోలేదు. ఇంట్లో గోంగూర కోసేటప్పుడు కూడా చేతులు కట్టుకుని నిలబడతాను. దైవసహాయం గారు ప్రమోషన్ వస్తుందన్న ఆశతో ఒక ఆకుపచ్చ కలం కొనుక్కుని, మూత తియ్యకుండా జేబులో గుండెకి ఆనించి పెట్టుకు తిరుగుతున్నారు. అది మా అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనం. పెళ్లి కుదరని ఇంట్లో బాసికాల మాట ఎత్తకూడదు కదా.

అటువంటి ఆఫీసులో, ఏ పరీక్షా రాయని, ఏ గెజిట్లోనూ పేరు పడని గాజుబుడ్డి, బాహాటంగా, సందర్శకులందరి ఎదుట, 'అంతా సవ్యంగా ఉంది' అని ఆకుపచ్చలో ధ్రువీకరించేస్తోంది!

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చింది. గెజిటెడ్ అధికారి సమక్షములో మాత్రమే బుడ్డి ఆకుపచ్చ వర్ణము ధరించవలెను. తక్కిన వేళలయందు నాన్ గెజిటెడ్ సిబ్బందివలె నీలముగా మెలగవలెను. ఉత్తర్వు ప్రతిని చేపలకి అందజేయాలి కనుక అప్పలకొండ దాన్ని తొట్టి అద్దానికి, అక్షరాలు లోపలివైపు ఉండేలా అంటించాడు. మునసబు గారు వచ్చి దాన్ని ఆసాంతం చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. పాతకాలపు ఉద్యోగి. ఆయనకి ఇలాంటివి ఎన్ని రాలేదు.

*

మర్నాడు అమలు మొదలైంది. గ్యాసు రాత్రంతా కట్టి ఉంచారు కనుక బుడ్డి వినయంగా నీలంగా ఉంది. విరూపాక్షం గారు తొట్టి ఎదుట కుర్చీ వేయించుకుని, ఒళ్లో రిపోర్టు, చేతిలో కలంతో ఆసీనులయ్యారు. "ఇక పచ్చబడవచ్చును," అన్నారు.

దైవసహాయం గారు గ్యాసు బండ మర తిప్పారు. బుడగలొచ్చాయి. బుడ్డి నీలంగానే ఉంది.

"ఏమిది? అధికారి సమక్షములో ఉండగా జాప్యమా?"

"వెంటనే మారదండీ," అన్నారు భ్రమరాంబ గారు. "గ్యాసు నీళ్లలో కలవాలి, నీళ్లలోంచి బుడ్డిలోకి చేరాలి. గంటో రెండో పట్టుద్ది. ఇప్పుడు బుడ్డిలో కనపడేది ఇందాకటి సంగతండీ, ఇప్పటిది కాదు."

విరూపాక్షం గారి మొహం మొదటిసారి ప్రసన్నమైంది. "అనగా, జరిగిపోయిన విషయమును జాగుగా నివేదించును. మన శాఖకు తగిన పరికరమే. అయినను, పెంచుడు."

పెంచారు. నీలం. "ఇంకను పెంచుడు." పెంచారు. నీలమే. మా ఆఫీసరు గారు మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నారు. మీనాలు తొట్టి లోపల, మేషాలం బయట. చివరికి ఆకలై, మర పూర్తిగా తిప్పించి, భోజనానికి లేచారు. ఆయన అటు వెళ్లగానే బుడ్డి ఆకుపచ్చకి వచ్చింది. చూసి సంతకం పెట్టే దిక్కు లేదు. ఆయన తాంబూలం వేసుకుని తిరిగొచ్చేసరికి అది ఆకుపచ్చ దాటి నిమ్మపండులా మెరిసిపోతోంది. చేపలన్నీ పైకొచ్చి నీటి అంచున నోళ్లు తెరుస్తున్నాయి.

"గ్యాసు కట్టండి బాబోయ్!" అని భ్రమరాంబ గారు పరుగెత్తుకొచ్చారు. "ఊపిరాడక పైకొచ్చేశాయి!"

"తొందరపడవలదు," అన్నారు విరూపాక్షం గారు. "అధికారి రాగానే లేచి తలలెత్తి నిలుచుట మర్యాద. సిబ్బంది నేర్చుకొనవలసిన విషయము."

"బుడ్డి పసుపైందండీ!"

"పసుపుపచ్చ యనుము. ఆకుపచ్చయందును పచ్చ యున్నది, పసుపుపచ్చయందును పచ్చ యున్నది. ఉభయ సామాన్యమైన పచ్చను మాత్రమే నివేదికలో చేర్చవచ్చును." అని 'పచ్చ' అని రాసి, పచ్చగా సంతకం పెట్టి లోపలికి వెళ్లిపోయారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు. పచ్చసిరావాడికీ అంతే. ఇంతకంటే పచ్చి నిజం నేను మళ్లీ అనలేదు.

ఆయన వీపు తిరగగానే భ్రమరాంబ గారు మర కట్టేసి, చెంబుతో తొట్టిలో నీళ్లే ముంచి ఎత్తునుంచి ధారగా పోస్తూ కూర్చున్నారు. నీళ్లు కదిలితే గాలి కలుస్తుందిట, పట్టిన గ్యాసు వదులుతుందిట. ఒకటొకటిగా చేపలు కిందికి దిగాయి. మునసబు గారు అందరికంటే ఆఖర్న దిగారు. ఆవిడ వేలు పెడితే ఆ రోజు ఎదురు రాలేదు.

"చూడండి గవర్రాజు గారూ," అన్నారావిడ. "నా చేపలకి నీళ్లలో జలగండం!"

నా నోట్లో మాటని ఆవిడ లాగేసుకున్నారు. అంత బాధలోనూ నాకు కాస్త ఈర్ష్య కలిగిందని ఒప్పుకోవాలి.

*

గురువారం సాయంత్రం కొత్త గొడవ. పొద్దున్న పచ్చగా సంతకమైన బుడ్డి సాయంత్రం మళ్లీ నీలంగా కనపడింది. అంటే గెజిటెడ్ సంతకాన్ని ఎవరో కింది ఉద్యోగి కొట్టేసినట్టు! ఎవరో మర కట్టేస్తున్నారని విరూపాక్షం గారు గ్రహించారు. ఎవరో ఆఫీసంతటికీ తెలుసు. ఆఫీసంతా నీళ్లు నమిలింది.

శుక్రవారం పొద్దున్నే రెండు చర్యలు గైకొనబడ్డాయి. మొదటిది, మర పూర్తిగా తిప్పిన స్థితిలో దారం చుట్టి, లక్క పోసి, సీఓ టూ గారి ముద్రతో సీలు వేశారు. సీలు తెంపినవాళ్లకి ఛార్జి మెమో. భ్రమరాంబ గారికి రిటైర్మెంటు ఎదురుగా ఉంది. మెమో పడితే పెన్షను కాగితాలు వానపాము కడుపులోకి వెళ్లిపోతాయి, ఇక ఏ చివరనుంచీ బయటికి రావు.

రెండో చర్య విరూపాక్షం గారు స్వహస్తాలతో చేశారు. కమిషనరు గారు వచ్చే క్షణానికి బుడ్డి ఏ రంగులో ఉంటుందో చెప్పలేం కదా. బుడ్డిని పైకి తీయించి, అందులోని రంగునీళ్లు పారబోయించి, తన బల్లమీది ఆకుపచ్చ సిరా అందులో నింపి, మళ్లీ యథాస్థానంలో అంటింపజేశారు. బోర్లించిన బుడ్డి కనుక సిరా తొట్టి నీళ్లలో కలవలేదు. అదొక్కటే చేపలు చేసుకున్న పుణ్యం.

"ఇప్పుడిది అధీకృత ఆకుపచ్చ," అన్నారు దూరంగా జరిగి చూసుకుంటూ. "ఇక మారదు."

"మారకపోతే లోపలేం జరుగుతోందో ఎలా తెలుస్తుందండీ?" అన్నారు భ్రమరాంబ గారు.

"తెలియుట ఎందులకు? ధ్రువీకరించబడినది కదా!"

తనిఖీలనేవి చెప్పిన వేళకి జరగవు. కమిషనరు గారు దారిలో మరో ఆఫీసులో పూలదండలకి చిక్కుకుపోయారు. ఇక్కడ గ్యాసు బుడబుడ. మర మీద సీలు. బుడ్డి పచ్చపచ్చగా నవ్వుతోంది. చేపలు మాత్రం గుంపుగా పైకి చేరాయి. నోళ్లు తెరిచి మూస్తున్నాయి. కాసేపటికి కొన్ని తెరవడం కూడా మానేశాయి. మునసబు గారు ఒక మూలకి చేరి ఒక పక్కకి ఒరిగారు.

భ్రమరాంబ గారు దైవసహాయం గారి దగ్గరికెళ్లారు. "దైవసహాయం గారూ, మీ సీలే కదా. విప్పెయ్యండి. మీ పేరులోనే సహాయం ఉంది."

"చెల్లెమ్మా, సీలు నాదే గానీ లక్క నాది కాదమ్మా," అన్నారాయన. కళ్లు తుడుచుకున్నారు కూడా. "ఉత్తర్వు లేకుండా నా వేలు కదలదు. జేబులో కలమే కదలట్లేదు, చూస్తున్నావుగా."

అప్పుడే కారు ఆగిన చప్పుడైంది.

కమిషనరు గారు వచ్చారు. చిన్న మనిషి, మెడలో పెద్ద దండ, వెంట ఫొటోగ్రాఫరు. విరూపాక్షం గారు తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, "బొగ్గుపులుసు వాయు మట్టము నిరంతర పర్యవేక్షణలో ఉన్నది. గమనించవలెను, ఆకుపచ్చ," అన్నారు.

"అద్భుతం," అన్నారు కమిషనరు గారు బుడ్డిని చూస్తూ. "ఎంత చిక్కటి ఆకుపచ్చ! మరి చేపలేమిటి, అలా ఉన్నాయి?"

"వాటి విషయమై ప్రత్యేక నివేదిక పంపబడును."

నేను భ్రమరాంబ గారి కేసి చూశాను. ఆవిడ తొట్టి మూలకే చూస్తున్నారు. తర్వాత బుడ్డి కేసి చూశారు. ఆ తర్వాత ఆవిడ కొంగు నడుముకి దోపారు. ముప్ఫయ్యేళ్లుగా ఆవిణ్ణి చూస్తున్నాను. కొంగు దోపారంటే ఏదో ఒక టపా కట్ట ఊరు దాటాల్సిందే.

"సార్," అన్నారు కమిషనరు గారితో. "ఆ బుడ్డిలో ఉన్నది మా ఆఫీసరు గారి పచ్చసిరాయేనండీ. వారి చేత్తోనే వేశారు. అవునాండీ?"

విరూపాక్షం గారికి కాదనడం ఎలా? కాదంటే సిరా నకిలీదవుతుంది. "అవును. నా స్వహస్తముతోనే," అన్నారు గర్వంగా.

"పచ్చసిరా పడిందంటే కాగితం ఇంక ఆఫీసరు గారిది కాదు కదండీ? ఆ క్షణం నుంచీ టపా సెక్షనుది. పచ్చసంతకం పడ్డది ఏదైనా సరే, అదే పూట నేను స్వాధీనం చేసుకోవాలి. ఆఫీసు పుట్టినప్పటినుంచీ ఉన్న పద్ధతండీ. గవర్రాజు గారూ, ఉందా లేదా?"

"ఉంది," అన్నాను. నా సర్వీసులో ఛలోక్తి కలపకుండా అన్న ఒకే ఒక్క మాట.

"మరి ఆఫీసుకి వచ్చిన లక్కసీళ్లు విప్పే అధికారం ఎవరిదండీ?"

"టపా సెక్షనుదే!" అని దైవసహాయం గారు ఎవరూ అడక్కుండానే అరిచారు. "సీలు వెయ్యడమే మా పని, విప్పడం వాళ్ల పని!"

"అయితే ఈ తొట్టి నా స్వాధీనమైందండీ," అన్నారు భ్రమరాంబ గారు. బల్లమీది టపా కత్తెర తీసి దారం కత్తిరించి, లక్క చిదిపి, మర గిర్రున తిప్పి కట్టేశారు. బుడగలు ఆగిపోయాయి. విరూపాక్షం గారు నోరు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. తొట్టిలో వాళ్లకీ ఆయనకీ తేడా లేదు. పద్ధతి పద్ధతే. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. తొట్టిలోంచి చెంబుడు నీళ్లు ముంచి కమిషనరు గారి చేతిలో పెట్టారు. "తమరు ఎత్తునుంచి ధారగా పొయ్యాలండీ. హరిత జలాభిషేకం."

కమిషనరు గారు పరమానందంతో పోశారు. ఫొటోగ్రాఫరు పక్కకి జరగమన్నాడు, మళ్లీ పోశారు. "ఇంకా ఎత్తునుంచండీ, ఫొటోలో ధార కనపడాలి," అని భ్రమరాంబ గారు ముంచి ఇస్తూనే ఉన్నారు. దండ తడిసింది, చొక్కా తడిసింది. ఆయన ఆపలేదు. కెమెరా ఎదుట అలిసిపోయిన అధికారిని నేనింకా చూడలేదు. ఆయన నీరుగారేకొద్దీ చేపలకి ఊపిరొచ్చింది. ఒకటి మునిగింది, రెండోది మునిగింది, గుంపు కదిలింది. చివరికి మూలన ఒరిగిన మునసబు గారు ఒక రెక్క ఆడించి, నిటారుగా లేచి, పోస్తున్న ధారని ఒకసారి చుట్టి వచ్చారు. భ్రమరాంబ గారు తడి వేలు అద్దానికి ఆనించారు. ఆ ముసలిది నెమ్మదిగా వచ్చి ఎదురుగా నిలబడింది.

*

తనిఖీ తర్వాత హాల్లోనే టీ. తువ్వాలు కప్పుకుని కూర్చున్న కమిషనరు గారు మెచ్చుకోలుగా అడిగారు. "ఇంతకీ ఇక్కడ సీఓ టూ ఎవరి అదుపులో ఉంటుంది?"

దైవసహాయం గారు చప్పున లేచారు, కుర్చీతో సహా. "మా ఆవిడ అదుపులో సార్!"

హాలు గొల్లుమంది. కమిషనరు గారికి అర్థం కాలేదు. అప్పలకొండ సోమవారం నాటి ఫోను సంగతి మళ్లీ మొదలెట్టి మరింత వండబోతుంటే భ్రమరాంబ గారు ఆపి, అందరినీ దగ్గరికి పిలిచి, మొదటినుంచీ విప్పి చెప్పారు. సీఓటూ అన్నది గాలి, సీఓ టూ అన్నది దైవసహాయం గారు. ఒకటి ఎక్కువైతే ప్రమాదం, రెండోది ఎక్కువైనా మంచిమనిషే. బుడ్డిలోని ఆకుపచ్చ ఎవరి సంతకమూ కాదు, నీళ్లు తమంతట తాము చెప్పుకునే మాట. దానికి సిరా పోస్తే అది మాట మానేస్తుంది. అప్పుడు చేపలు నోరు తెరవాల్సి వస్తుంది.

జాన్‌బాబు అప్పటికే కొత్త బుడ్డి తెచ్చి పెట్టాడు. అది ఎవరి అనుమతీ లేకుండా నీలంనుంచి ఆకుపచ్చకి మెల్లిగా తిరుగుతోంది. సిరా బుడ్డిని మాత్రం విరూపాక్షం గారు తన బల్లమీద పెట్టించుకున్నారు. అంతా శ్రద్ధగా విని, టీ కప్పు పక్కన పెట్టి, గంభీరంగా ఒక్కటే సందేహం వెలిబుచ్చారు.

"సర్వము బోధపడినది. అయితే ఆ చేపలు గెజిటెడా, నాన్ గెజిటెడా?"

"నాన్ గెజిటెడేనండీ," అన్నారు భ్రమరాంబ గారు, కొంగు విప్పుకుంటూ. "అందుకేగా, ఊపిరాడకపోతే ఆడట్లేదని వెంటనే చెప్పేశాయి."